ఉద్దేశం: రక్షణ

ఆ ఉదయం పంచాయతీ ఆఫీసు టైపిస్టు అనుకున్నది ఒక్కటే. మధ్యాహ్నం టపాలోగా అంతర్జాతీయ వాతావరణ నిధికి దరఖాస్తు పంపాలి, వానలకు ముందే ఏటి గట్టున గోడ లేవాలి. గట్టు నుంచి మూడో ఇల్లు ఆమెదే. పోయినేడు వరదొచ్చినప్పుడు మంచం మీద మంచం వేసి అత్తగారిని కూర్చోబెట్టారు.

"కాస్త గట్టిగా రాయమ్మా," అన్నాడు ఇంజనీరు. "ఆరేళ్ళుగా వానలు, వరదలు అని రాస్తున్నాం. వాళ్ళకి చీమ కుట్టినట్టైనా లేదు."

ఆమె గట్టిగానే రాసింది. 'ఎగువ నుంచి ఏటా చొరబడుతుంది. ఇళ్ళను ఆక్రమిస్తుంది.' చివర 'ఉద్దేశం, ఒక్క మాటలో' అని ఒక గడి ఉంది. కాసేపు తడుముకుని 'రక్షణ' అని కొట్టింది.

అలాంటి దరఖాస్తులన్నీ రాజధాని మీదుగానే వెళ్ళాలి. అక్కడ కాగితాలు పంచే ఉద్యోగి ఆ గడి తప్ప మరేమీ చదవడు. దరఖాస్తు తిన్నగా రక్షణ శాఖకు చేరింది.

నాలుగోనాడు ఫోను మోగింది. "శత్రువు ఎవరమ్మా?"

"ఏరండీ."

"ఏరని నన్నడుగుతారేంటి? మిమ్మల్నే కదా నేను అడిగేది! పోనీ, ఎప్పుడు?"

"వానలు పడగానే వస్తుందండి."

"వస్తుందా? ఆడమనిషా!" అవతలి గొంతు మరింత గంభీరమైంది. ఆమె నోరు పెగిలేలోగా ఫోను పెట్టేశారు.

వారం తిరక్కుండా ఒక మేజరు, నలభైమంది జవాన్లు లారీల నిండా ఇసుక బస్తాలతో గట్టున దిగారు.

"నిధి అడిగితే దండొచ్చిందేమిటమ్మా!" ఇంజనీరు గట్టు మీదికి పరుగెత్తుకొచ్చాడు. "వెళ్ళి నిజం చెప్పెయ్. లేకపోతే ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా."

ఆమె మేజరు ముందు నిలబడింది. "అయ్యా, అదీ..."

ఇంతలో ఇంటి మెట్ల మీంచి అత్తగారు కేకేసింది. "ఏం నాయనా, ఇంకో రెండు వరసలు వెయ్యండి! పోయినేడు కిటికీలోంచి లోపలికొచ్చేసింది. మూడ్రోజులు నా మంచం కిందే ఉంది."

"మూడ్రోజులా!" మేజరు ముఖం బిగుసుకుంది. "నాలుగు వరసలు వెయ్యండ్రా!"

టైపిస్టు ఒకసారి తన ఇంటి కిటికీ వంక చూసింది. నిజాన్ని అక్కడికక్కడే మింగేసింది.

వానలు పడ్డాయి. ఒక తెల్లవారుజామున ఏరు పొంగి, మూడో వరస దాకా ఎక్కి, ఆగింది. అత్తగారి మంచం నేల మీదే ఉంది.

మేజరు టోపీలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇదేనా ఆవిడ?"

"ఇదేనండి. నేను రాసిందాంట్లో అబద్ధం లేదండి."

ఆయన టోపీ తీసి నీళ్ళు దులిపాడు. "చెప్పిన టైముకొచ్చిన శత్రువుని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు.

మరుసటి నెల రెండు ఉత్తరాలొచ్చాయి. యుద్ధం ముగిసింది కనుక బస్తాలు తిప్పి పంపమని రక్షణ శాఖ రాసింది. ఎక్కడెక్కడో తిరిగి ఎట్టకేలకు తమకు చేరిన దరఖాస్తుకు, ఈ ఏడు ఊళ్ళో నష్టమేమీ లేదు కనుక గోడ అవసరం రుజువు కాలేదని వాతావరణ నిధి బదులిచ్చింది.

ఇంజనీరు తల పట్టుకు కూర్చున్నాడు. టైపిస్టు కొత్త దరఖాస్తు ఫారం మిషనుకి ఎక్కించింది. చివరి గడిలో ఈసారి తడుముకోకుండా మళ్ళీ అదే మాట కొట్టింది.