మరకలు చాలని వంటపుస్తకం

మనుషులు తమ వంటపుస్తకాలను తామే ఎంచుకునే ఆటవిక దశ మా పట్టణంలో అధికారికంగా ముగిసింది. ఈ సంగతి పురపాలక గ్రంథాలయం గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో "చెప్పులు దులుపుకుని లోపలికి రండి" అని కూడా ఉంది. రెండూ ఒకే రోజు రాయించారట, రంగు మిగిలిందని.

ఇదంతా ఒక సర్వేతో మొదలైంది. ఇంటింటికీ తిరిగిన ఉద్యోగులకు ఏ వంటింట్లో చూసినా మడత నలగని శాకాహార వంటపుస్తకాలే కనిపించాయి. కొన్ని మంచం కోడు కింద ఎత్తు కోసం పెట్టి ఉన్నాయి. కొన్నింటిలో కరెంటు బిల్లులు దాచుకున్నారు. ఎందుకు కొన్నారని అడిగితే అందరిదీ ఒకటే మాట: "బొమ్మ బాగుందని కొన్నామండీ." గ్రంథాలయం తీవ్రంగా ఆలోచించి, తప్పు పుస్తకాలది కాదు, ప్రజలదని తేల్చింది. వెంటనే గృహ వంటపుస్తకాల ఎంపిక విభాగం పుట్టింది. అప్పటినుంచి శాకాహార పుస్తకం కావాలన్నా, పాలూ వెన్నా తేనే కూడా ముట్టని వీగన్ పుస్తకం కావాలన్నా, గ్రంథాలయంలోనైనా దుకాణంలోనైనా విభాగం వారి చీటీ చూపించాల్సిందే. మాంసం వంటల పుస్తకాలకు మాత్రం ఏ చీటీ అక్కర్లేదు. (వాటివల్ల నష్టపోయినవారెవరూ ఇంతవరకు వచ్చి ఫిర్యాదు చెయ్యలేదని విభాగం వివరణ.)

ఫోన్లో చూసి వండుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. విభాగానికీ అనిపించింది. అందుకే ఊళ్లో ఫోన్లన్నిటికీ వంటల కోసం ఒకే ఒక్క యాప్ మిగిల్చారు. అది తెరుచుకోవాలంటే మీ దగ్గరున్న వంటపుస్తకం నంబరు కొట్టాలి.

ఈ ఏర్పాటు గొప్పతనం నాకు మా అక్క వల్ల తెలిసింది. అక్క బస్సు డిపోలో టికెట్లిచ్చే మనిషి. రోజంతా కిటికీ లోపల కూర్చుని, చిల్లర లేదని జనాన్ని తిప్పి పంపడం ఆమె వృత్తి. క్షమించు అనే మాట ఆమె నోట ఎవరూ విని ఎరగరు. పెళ్లయిన నాటినుంచి బావ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

అక్కకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు పళ్లెంలో ఏరుకుని ఏరుకుని తినేదని అందరం పిచ్చుక అని పిలిచేవాళ్లం, ఇప్పటికీ అదే పిలుపు. పిచ్చుక పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. అక్కడ చేరిన ఏడాదికి వీగన్ అయింది. అక్క దాన్ని జలుబు కింద లెక్కేసింది, రెండు వారాల్లో తగ్గిపోతుందనుకుంది. తగ్గలేదు. ఒకరోజు రాత్రి భోజనానికి కూర్చుని పిచ్చుక ముందే అడిగింది, "అమ్మా, సూపులో వెన్న లేదు కదా?" అని. లేదంది అక్క. రెండు చెంచాలు తాగాక పిల్ల గిన్నె పక్కకు జరిపింది.

"ఒక్క చెంచాయేనే. రుచి కోసం. ఒక్క చెంచాకి ఏం కొంపలు మునిగిపోతాయి?" అంది అక్క.

"వెన్న సంగతి కాదమ్మా. అడిగితే లేదన్నావు చూడు, ఆ సంగతి."

ఆ రోజునుంచి పిచ్చుక తల్లి ఇంట్లో ముద్ద ముట్టలేదు. వస్తుంది, మాట్లాడుతుంది, వెళ్లిపోతుంది. నీళ్లు కూడా తన సీసాలోవే తాగుతుంది. ఆ సీసా చూసినప్పుడల్లా అక్క ముఖం పాలిపోయేది. పైకి మాత్రం "దాని ఇష్టం" అనేది.

ఇలా ఉండగా, తన గదికి రంగులేస్తున్నారని, ఫలానా శనివారం రాత్రి ఇక్కడ పడుకుంటానని పిచ్చుక ఫోన్ చేసింది. తిండి తనే తెచ్చుకుంటానంది. అక్క ఒంటికాలి మీద లేచింది. "తల్లి ఇంటికి క్యారేజీ కట్టుకుని వస్తావా?" అంది. చివరికి పిల్లే ఒక మెట్టు దిగింది. "సరే. పుస్తకం చూసి చేస్తే తింటాను. సొంతంగా మాత్రం ఏమీ కలపకు."

కాబట్టి మా అక్కకు కావాల్సింది ఒక్క వీగన్ వంటపుస్తకం. మర్నాడే నన్ను తోడు తీసుకుని బయల్దేరింది.

విభాగం గ్రంథాలయం నేలమాళిగలో, పాత పత్రికలు కుట్టే గది పక్కన ఉంది. రెండు కిటికీలు. ఒకటి శాకాహారం, రెండోది సంపూర్ణ శాకాహారం. రెండింటి వెనకా ఒకే అధికారిణి, చక్రాలున్న కుర్చీలో అటూ ఇటూ దొర్లుతూ ఉంటారు. మొదటి కిటికీలో నవ్వే ఆవిడ రెండో కిటికీకి వచ్చేసరికి ముఖం ముడుచుకునేవారు. మా వంతు రెండో కిటికీలో వచ్చింది.

"వండేది ఎవరు?"

"నేనే," అంది అక్క.

"తినేది?"

"మా అమ్మాయి."

"అయితే పుస్తకం అమ్మాయికే ఇస్తాం. తినేవారి పేరు మీదే ఇవ్వాలి."

"దానికి వంట రాదండీ."

"వంట రావాలని నిబంధన లేదమ్మా," అన్నారు అధికారిణి. తర్వాత కొంచెం జాలిపడి, వండేవారి పేరు మీదే కావాలంటే పూర్వచరిత్ర చెప్పుకోవాలన్నారు. "గతంలో ఎప్పుడైనా తినేవారికి తెలియకుండా పాలు, పెరుగు, వెన్న, తేనె, గుడ్డు వగైరాలు కలిపారా?"

అబద్ధం చెప్పి ఉంటే పది నిమిషాల్లో బయటపడేవాళ్లం. నేను అక్క మోచేయి గిల్లాను కూడా.

"కలిపాను," అంది అక్క. "వెన్న."

అధికారిణి కలం మూత తీశారు.

"ఎంత?"

"ఒక చెంచా."

"టీ చెంచానా, వడ్డించే చెంచానా?"

అక్క నీళ్లు నమిలింది. "వడ్డించే చెంచా," అంది చివరికి. (ఈ సంగతి కుటుంబ సభ్యులకు కూడా అప్పుడే తెలిసింది.)

ఇక వరుస ఊరుకుంటుందా? మా వెనకాలున్న దర్జీ, సూపన్నాక ఆ మాత్రం వెన్న పడాల్సిందేనన్నాడు. ఒక ముసలావిడ "తల్లి ప్రాణం కదయ్యా, బిడ్డ చిక్కిపోతోందని వేసుంటుంది" అని కళ్లొత్తుకుంది. ఆవిడ వెనకున్న అమ్మాయి గయ్యిమంది. "మా అత్తగారూ ఇలాగే చేశారు. ఈమె నయం, ఒప్పుకుంది. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు!" అధికారిణి బల్ల చరిచి, అభిప్రాయాలకు వేరే వరుస ఉందని చెప్పారు. ఇద్దరు నిజంగానే వెళ్లి అందులో నిలబడ్డారు.

తీర్పు చిన్నదే. మా అక్క "దారి తప్పి సంస్కరణలో ఉన్న వంటమనిషి" తరగతికి చెందుతుంది. అలాంటివారికి నేరుగా వీగన్ పుస్తకం ఇవ్వరు. ముందు శాకాహార పుస్తకం ఇస్తారు. దాన్ని వాడినట్టు రుజువైతే రెండోది ఇస్తారు.

"రుజువంటే ఏంటండీ?"

"మరకలు. వంట చేస్తే మరకలు పడతాయి కదమ్మా. మరకల్లేకుండా తెస్తే వాడనట్టు. ఎక్కువ మరకలతో తెస్తే పాడుచేసినట్టు."

"మధ్యలో ఎన్నుండాలి?"

"అది మరకల పరీక్షకులు చూసుకుంటారు."

మాకిచ్చిన పుస్తకాన్ని నిపుణుల సంఘం ఎంపిక చేసింది. (సంఘంలో ఒక ఫొటోగ్రాఫరు, ఒక అట్టల వ్యాపారి, ఒక పళ్ల డాక్టరు ఉన్నారు. నాలుగో సభ్యుడికి వంట వచ్చని బయటపడటంతో, పక్షపాతం చూపిస్తాడేమోనని తొలగించారు.) ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. మొదటి అరవై పేజీల్లో రచయిత ఒక ఉదయం క్యారెట్టును చూసి జీవితం మార్చుకున్న వైనం ఉంది. ఆ తర్వాత వంటలు. అన్నీ అరగంటలో అయిపోతాయని రాశారు. కూరగాయలు ఎవరు తరుగుతారో రాయలేదు. ఏ పేజీ తిప్పినా వెన్న, మీగడ, జున్ను. ఒక చెంచా వెన్న వేసిన నేరానికి మా అక్క విభాగం ఆజ్ఞ మేరకు రెండు వారాలపాటు వెన్న ముద్దలు కరిగించింది. బావ బెల్టుకు కొత్త బెజ్జం పొడిపించుకున్నాడు. "ఈ శిక్ష ఇంకో నెల పొడిగించమని అడగవోయ్," అన్నాడు నాతో.

అక్క మనిషి శుభ్రం. అంత వండినా పుస్తకం మీద కూర చుక్క పడనివ్వలేదు. గడువు దగ్గరపడుతుంటే మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒక సాయంత్రం ముగ్గురం కూర్చుని, చేతికందింది అద్దుతూ పుస్తకాన్ని వాడినట్టు చేశాం.

మరకల పరీక్షకుడు తెల్ల చేతితొడుగులు వేసుకున్న సన్నటి మనిషి. పేజీ పేజీకీ భూతద్దం పెట్టి, ఆపైన వాసన చూసేవాడు.

"ఇది టీ," అన్నాడు మొదటి మరక చూసి. "ఈ పేజీలో టీ లేదు."

అక్క నా వైపు ఉరిమి చూసింది.

"ఇది ముందుమాట. ముందుమాటతో ఎవరూ వండరు." మరో నాలుగు పేజీలు తిప్పి ఆగాడు. "ఇదేంటి? ఉప్పు చార కట్టింది, రంగు లేదు."

"కన్నీళ్లు," అంది అక్క.

"ఉల్లిపాయవా, సొంతవా?"

అక్క ఆలోచించింది. "మొదట ఉల్లిపాయవేనండీ."

అతను తలెత్తి అక్కను ఒకసారి చూసి, "మిశ్రమం" అని రాసుకున్నాడు. ఆ ఒక్క మరక వల్లే మేం గట్టెక్కాం. మిగతావన్నీ చెల్లవన్నాడు.

సరిగ్గా ఆ శనివారం మధ్యాహ్నం వీగన్ పుస్తకం చేతికొచ్చింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ అట్ట తోలుతో చేసింది కదండీ?" అంది.

"పుస్తకం తినడానికి కాదమ్మా," అన్నారు అధికారిణి.

సాయంత్రం వంటింట్లో అక్క చదువుతుంటే నేను గిన్నెలు అందించాను. చిక్కుడు గింజల వంటకం ఎంచుకుంది. అందులోని మిగతా వంటకాలకు కావాల్సిన దినుసులు ఊళ్లో దొరకవు, దొరక్కపోతే బదులు వాడమన్నవి అసలెక్కడా దొరకవు. ఉల్లిపాయలు తరిగాం, వెల్లుల్లి దంచాం, నూనె కాగింది. అప్పుడొచ్చింది నాలుగో మెట్టు: "నిన్న రాత్రి నానబెట్టిన గింజలను వడకట్టండి."

అక్క పొయ్యి ఆపి విభాగం సహాయ నంబరుకు ఫోన్ చేసింది. వంట మొదలుపెట్టే ముందే పుస్తకమంతా చదవాలని అవతలి గొంతు మెత్తగా చెప్పింది.

"చదివినా ఏం లాభం? పుస్తకం ఇవాళే కదండీ ఇచ్చారు!"

"పుస్తకం ఇవ్వడం మా బాధ్యత. నానబెట్టడం మీ బాధ్యత," అని గొంతు ఫోన్ పెట్టేసింది.

అక్క కుర్చీలో కూలబడింది. ఆమెను అంత నిస్సహాయంగా నేనెప్పుడూ చూడలేదు. "దానికి పుస్తకం చూసి చేస్తానని మాటిచ్చానురా," అంది. "ఏదో ఒకటి చేసి పుస్తకంలోదేనని చెప్పెయ్ అక్కా," అన్నాను. నన్ను చూసిన చూపుకు నేను గిన్నెలు కడగడానికి వెళ్లాను. కాసేపటికి లేచి, బుట్టలో ఉన్న బంగాళాదుంపలు, క్యారెట్లు నూనెలో ఎర్రగా వేయించి, ఉప్పూ మిరియాలూ చల్లి నిమ్మకాయ పిండింది.

పిచ్చుక వచ్చింది. బల్ల మీద సీసా పెట్టుకుంది. పళ్లెం చూసి, "ఎన్నో పేజీ అమ్మా?" అంది.

"ఏ పేజీ కాదు. గింజలు నానబెట్టలేదు, పుస్తకం ప్రకారం కుదర్లేదు. ఇది నేనే చేశాను." అక్క నూనె సీసా, ఉప్పు డబ్బా, నిమ్మచెక్క అన్నీ తెచ్చి కూతురి ముందు పెట్టింది. "ఇవి తప్ప ఇంకేం లేవు. ఆ రోజు సూపులో వేశాను. ఒక చెంచా కాదు, పెద్ద చెంచా. పైగా లేదన్నాను. తప్పు నాదేనే, క్షమించు. తినకపోయినా ఏమీ అనుకోను."

బావ నమలడం ఆపేశాడు. పిచ్చుక నూనె సీసా వైపు చూడలేదు, తల్లి వైపే చూసింది. తర్వాత ఒక దుంప ముక్క నోట్లో పెట్టుకుంది. రెండోసారి తనే వడ్డించుకుంది. మూడోసారి అక్క వడ్డించింది. పుస్తకం అట్ట తోలుదని చెబితే పిల్ల పొలమారేలా నవ్వి, తల్లి గ్లాసులోని నీళ్లు తాగింది. నా కళ్లు చెమర్చాయని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సోమవారం పుస్తకం తిరిగివ్వడానికి వెళ్లాం. పుస్తకంతో పాటు విభాగం ఇచ్చిన కాగితం మీద తిన్నవారి సంతకం పెట్టించి అక్క కిటికీలోంచి అందించింది. "కడుపునిండా తిన్నాను" అని పిచ్చుక రాసింది. వండిన పేజీ అన్న చోట ఖాళీగా ఉంది.

"ఏదో ఒక పేజీ వేసెయ్యండమ్మా," అన్నారు అధికారిణి గొంతు తగ్గించి. "అందరూ అలాగే వేస్తారు."

"ఒకసారి లేనిది చెప్పి చూశానండీ. చాలు," అంది అక్క.

అధికారిణి నిట్టూర్చి ఎర్ర ముద్ర తీశారు. ఆమోదించిన పుస్తకం లేకుండా వండింది వంట కాదు, వంట కానిదాన్ని తింటే అది భోజనం కిందకు రాదు. కాగితం రద్దయింది. పుస్తకంలో మరకలు చాలనందుకు అక్క అర్హత కూడా రద్దయింది. విభాగం ఏర్పడ్డాక తప్పుడు వంటపుస్తకం వాడిన ఇల్లు పట్టణంలో ఒక్కటి కూడా లేదని ఆ నెల నివేదికలో సగర్వంగా ప్రకటించారు.

పిచ్చుక ఇప్పుడు ప్రతి శనివారం తల్లి చేతి వంట తిని వెళ్తోంది. విభాగం రికార్డుల ప్రకారం మాత్రం ఆ పిల్ల ఈ రోజుకీ పస్తే.