రెండు చాపల పరిపాలన

రెండు చాపలు పరిచేంత వైశాల్యం గల తమ నివాసంలో జూలై ఒకటో తేదీ నుంచి సర్దుబాటు పరిపాలన అమల్లోకి వస్తున్నదని కురొసాకా తొకుజి గారు తమ ప్రజలకు ప్రకటించారు. ప్రజలంటే ఆయన భార్య యాసుయో గారు. ప్రకటన వెలువడే సమయానికి ప్రజలు వ్యాను వెనక తలుపు దగ్గర కూర్చుని ముల్లంగి తరుగుతున్నారు.

తొకుజి గారు నగరపాలక కార్యాలయపు సామగ్రి విభాగానికి ముప్ఫై ఎనిమిదేళ్లు సేవ చేశారు. ఆయన హయాంలో ఎవరికీ ఒక్క పెన్సిలైనా ఇవ్వలేదు కనుక నిల్వ ఎప్పుడూ సరిగ్గా సరిపోయేది. పదవీ విరమణ తర్వాత చిన్న వ్యాను కొని, అందులో పరుపు, పొయ్యి, అల్మరా బిగించుకుని, భార్యతో కలిసి వేడినీటి బుగ్గల వెంట తిరుగుతున్నారు. నేనూ అలా తిరిగేవాణ్ణే. ఆ వేసవిలో నాగానో కొండల్లో, రహదారి పక్క విశ్రాంతి కేంద్రం ఆవరణలో మా బండ్లు పక్కపక్కనే ఆగి ఉండేవి. కాబట్టి ఈ పరిపాలన ఫలాలను కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

నిబంధనలు సరళం. ప్రతి వస్తువుకూ ఒక చోటు, ప్రతి చోటుకూ ఒక చీటీ. ఏడు రోజులు వాడని వస్తువు ఎనిమిదో రోజు బండి దిగాలి. అమలులో పక్షపాతం లేదు. ఎవరికీ జబ్బు చేయలేదు కాబట్టి మందుల పెట్టె దిగింది. పంక్చర్ పడలేదు కాబట్టి అదనపు టైరు దిగింది. వారమంతా ఎండ కాసింది కాబట్టి గొడుగు దిగింది. మర్నాడు తొకుజి గారు తల మీంచి నీళ్లు కారుతుండగా వచ్చి, "గొడుగును పంపడంలో తప్పు లేదు. వానే ఆలస్యంగా వచ్చింది" అని తీర్పు చెప్పారు.

ప్రజలు సంపూర్ణంగా సహకరించారు. కుట్టుపెట్టె పోకుండా యాసుయో గారు ఆరు రోజులకోసారి భర్త కోటు గుండీ తెంపి మళ్లీ కుట్టేవారు. ఈ మధ్య గుండీల నాణ్యత పడిపోయిందని తొకుజి గారు కోటు అమ్మిన దుకాణానికి రెండు ఉత్తరాలు రాశారు. తల్లి ఇచ్చిన మట్టికుండను కాపాడుకోవడానికి ఆవిడ చలికాలపు పులుసును ఆగస్టు మిట్టమధ్యాహ్నం కాచేవారు. ఆయన చెమటలు కక్కుతూ తిని, వాడకం నమోదు చేసుకునేవారు.

ఒక వారం పొయ్యికి గ్యాస్ డబ్బాలు దొరకలేదు. కుండకు గడువు ముగిసింది.

"ఏవండీ, అది మా అమ్మది."

"మీ అమ్మంటే నాకు గౌరవమే. అభ్యంతరం కుండతోనే."

యాసుయో గారు కుండను ఎత్తుకుని నా బండికి అవతల ఉన్న ఫుసనో గారి బండికి నడిచారు. ఫుసనో గారు ఒకప్పుడు చేపలమ్మిన పెద్దావిడ. ఆవిడ బండి తలుపు తీస్తే ఏదో ఒకటి కాళ్ల మీద పడేది.

"ఇలా పడెయ్యి తల్లీ, ఎక్కడో ఓ చోట ఉంటుంది," అన్నారావిడ. "ఎక్కడుందో నాకూ తెలీదు, దొంగకీ తెలీదు."

సెప్టెంబరులో సంచార గృహాల సుందరీకరణ సంఘం వారు అక్కడే పోటీ పెట్టారు. తొకుజి గారు పరిపాలనను ముమ్మరం చేశారు. నూనె మరకలు పడతాయని వంట రద్దయింది. ముడతలు పడతాయని పరుపు మీద నిద్ర రద్దయింది. దంపతులు ముందు సీట్లలో నిటారుగా నిద్రపోసాగారు. చివరికి ఆయన భార్య చేతికి ఒక ఫారం ఇచ్చారు. గత ఏడు రోజుల్లో ఆమె ఏ పనికి ఉపయోగపడిందో రాయాలి.

"నాకూనా?" అన్నారు యాసుయో గారు.

"మినహాయింపు ఒకరికిస్తే అందరూ అడుగుతారు."

అందరూ అంటే ఎవరో ఆవిడ చుట్టూ చూశారు. తర్వాత 'ఏమీ లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, తన పేరు ముద్ర వేసి, పళ్లు తోముకునే బ్రష్షు తీసుకుని బండి దిగి వెళ్లిపోయారు. ఫారం సక్రమంగా పూరించారని తొకుజి గారు సంతోషించి, దాన్ని ఫారాల పెట్టెలో పెట్టుకున్నారు. సంతోషం సాయంత్రం దాకా ఉంది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన ఉన్న చీటీలనే ఊడదీసి మళ్లీ అంటిస్తూ కనిపించారు.

పోటీ రోజు న్యాయనిర్ణేతలు తెల్లటి చేతి తొడుగులతో వచ్చారు. సంఘాధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "ఈ నివాసంలో మనిషి నివసిస్తున్న ఆనవాలు ఒక్కటంటే ఒక్కటి కూడా మాకు దొరకలేదు. గృహ నిర్వహణలో ఇంతకు మించిన శిఖరం లేదు. కురొసాకా దంపతులు జాతికి ఆదర్శం." జాతి చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతిగా నడుమెత్తు వెండిపూత కప్పు ఇచ్చారు.

కప్పు బండిలో పట్టలేదు. నిలువుగా పట్టలేదు, అడ్డంగా పెడితే తలుపు పడలేదు. తొకుజి గారు దాన్ని చంకన పెట్టుకుని ఆవరణలో రెండు చుట్లు తిరిగి, చివరికి ఫుసనో గారి బండి ముందు ఆగారు. లోపల యాసుయో గారితో కలిపి చుట్టుపక్కల బండ్లవాళ్లం ఐదుగురం మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. మధ్యలో పుట్టగొడుగుల పులుసు ఉడుకుతోంది.

"కాస్త జరగండి, విజేత గారొచ్చారు," అన్నారు ఫుసనో గారు.

"నేనెక్కడ కూర్చోవాలి?"

"మీకింకా చీటీ అంటించలేదుగా. ఎక్కడైనా కూర్చోండి," అన్నారు యాసుయో గారు, కప్పు అందుకుని అందులో ఉల్లికాడలు నిలబెడుతూ.

ఆయన మూడు గిన్నెల పులుసు తాగాక నెమ్మదిగా అన్నారు: "యాసుయో, నాలుగు రోజుల్నుంచి మొహం కడుక్కోవడానికి నీళ్లు దొరకట్లేదు."

"నీళ్లు అని చీటీ ఉందిగా."

"చీటీ ఉంది. నీళ్లు లేవు."

"రోజూ నేనే మోసుకొచ్చి పోసేదాన్ని లెండి," అంటూ ఆవిడ నాలుగో గిన్నె నింపారు. తొకుజి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిరి పట్టిందన్నారు. ఆవిరి కొంత నిజమే.

బహుమతి పొందిన వ్యానును సంఘం వారు తాడు కట్టి ప్రదర్శనకు ఉంచారు. దంపతులు ఫుసనో గారి బండిలో చేపల వలలకూ ముల్లంగి బస్తాలకూ మధ్య పడుకుంటున్నారు. తొకుజి గారి గురక నా బండి దాకా వినిపిస్తోంది. ఆదివారాలు జనం టోక్యో నుంచి వచ్చి, గంటసేపు వరసలో నిలబడి, ఖాళీ వ్యానులోకి తొంగిచూసి, "ఎంత ప్రశాంతంగా ఉందో, ఇలా కదా బతకాలి" అని నిట్టూర్చి, ఫోటో తీసుకుని వెళుతున్నారు. పక్క బండిలోంచి నవ్వులు ఎక్కువై ప్రశాంతతకు భంగం కలుగుతోందని ఇప్పటికి పదిహేడు ఫిర్యాదులు ఇచ్చారు. మీరు వచ్చేటట్టయితే ఫిర్యాదుల పుస్తకం తాడుకు కుడివైపున ఉంటుంది. చక్కటి చేతిరాతతో రాయగలరు.