కుడివైపు తిరగని కారు

ప్రపంచంలో ఉన్న కొలతలన్నీ సర్వేయరుకి తెలుసు, ఒక్క తన కారు వయసు తప్ప. ఎవరైనా అడిగితే "పాతదేం కాదండీ, అనుభవం ఉన్నది" అనేవాడు. ఆయన దాన్ని ముద్దుగా "మహారాణి" అని పిలుచుకునేవాడు. ఆయన భార్య మాత్రం "మీ పెద్ద పెళ్ళాం" అనేది. తప్పేం లేదు, పెళ్ళికి ముందే వచ్చి వాకిట్లో కూర్చున్న కారది.

భార్య బట్టలు కుట్టేది. ఇంటి ముందు గదిలో మూడు కుట్టు మిషన్లు పెట్టుకుని, వాటికేం రోగమొచ్చినా తనే విప్పి, నూనె వేసి, బిగించుకునేది. కుట్టిన బట్టలు ఊరికి ఆ చివరున్న షాపులకి చేరవెయ్యడానికి ఆవిడకి కారు కావాలి. లైసెన్సు కూడా ఉంది. లేనిదల్లా తాళం.

"నడపడం వస్తే సరిపోదోయ్," అనేవాడు సర్వేయరు, తాళాన్ని లోపలి జేబులోకి తోస్తూ. "మహారాణి మనసు తెలియాలి. అది నా ఒక్కడికే తెలుసు."

ఈ మాట నిజమే. మహారాణి మనసులో ఏముందో ఆయన పైకి చెప్పేవాడు కాదు, అంతే. తాళం తిప్పితే ఇంజను దగ్గేది కానీ లేచేది కాదు. అందుకని ఇంటి ముందు వాలులో, ముక్కు కిందికి ఉండేలా నిలిపి, దొర్లించి స్టార్ట్ చేసేవాడు. స్టీరింగు కుడికి తిప్పితే హారను తనంతట తనే మోగేది. నాలుగు వీధులు తిరిగేసరికి ఇంజను పొయ్యి మీది కుండలా కాగేది. డ్రైవరు పక్క అద్దం ఒకసారి దింపితే, మళ్ళీ పైకి తేవడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఆ శనివారం పొద్దున్న భార్య గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యి పెట్టింది. ఆవిడ చెయ్యి నడుం మీదికి వెళ్ళిందంటే ఇంట్లో ఏదో ఒక చట్టం మారబోతోందని అర్థం.

"అమ్మని కంటి డాక్టరుకి చూపించాలి. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి. టాక్సీ పిలవనా?"

"మహారాణి ఉండగా టాక్సీయా? నా పరువేం కావాలి?"

"మీ పరువు దారిలో ఆగిపోతే?"

"ఆగదు."

"అయితే పందెం. వెళ్ళి వచ్చేలోపు కారు ఆగినా, అరిచినా, కాగినా, ఒక్క లోపం బయటపడ్డా తాళం నాది. ఏమీ బయటపడకపోతే ఈ జన్మలో మళ్ళీ అడగను."

ఈ జన్మలో అడగను అనే మాట పెళ్ళైన మగాడికి ఎంత తియ్యగా ఉంటుందో చెప్పనక్కరలేదు. సర్వేయరు వెంటనే ఒప్పేసుకున్నాడు. లోపలికెళ్ళి ఊరి పటం పరిచి, పెన్సిలు చెవిన పెట్టుకుని, గడియారం స్తంభం దగ్గర ఒకే ఒక్క కుడి మలుపు ఉందని కనిపెట్టాడు. దాన్ని ఎలా తప్పించాలి? స్తంభం దాటి ముందుకెళ్ళి ఎడమకి, మళ్ళీ ఎడమకి, మళ్ళీ ఎడమకి తిరిగితే కుడికి తిరిగినట్టే! భూములు కొలిచే మనిషికి ఇదొక లెక్కా? తన తెలివికి తనే మురిసిపోయి, మీసం మీదికి వేళ్ళు పోనిచ్చాడు. మీసం లేదని అప్పుడు గుర్తొచ్చింది.

అత్తగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. భార్య ముందు కూర్చుంది. సర్వేయరు హ్యాండు బ్రేకు దించాడు. కారు చప్పుడు లేకుండా వాలులోకి జారింది.

"ఇంజను లేకుండానే వెళ్తున్నామేం?" అంది భార్య.

"పెట్రోలు ఆదా," అన్నాడాయన. ఇంతలో గేరు వేసి క్లచ్చి వదిలాడు. కారు ఒక్క ఎగురు ఎగిరి ప్రాణం పోసుకుంది. అత్తగారి తల పైకప్పుని పలకరించి వచ్చింది.

రెండు వీధులు దాటగానే సర్వేయరు హీటరు మీట పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడిని లోపలికి లాగేస్తే ఇంజను చల్లబడుతుందని ఆయన కనిపెట్టిన రహస్యం. బయట ఎండ మండిపోతోంది. అద్దాలు బిగించి ఉన్నాయి. కాళ్ళ దగ్గర్నుంచి వేడిగాలి గుప్పున కొట్టింది.

"బాబూ, కింద ఏదో కాలుతోందేమో చూడు," అంది అత్తగారు.

"కాలడం కాదు అత్తయ్యగారూ, హీటరు. ఆపరేషనైన కంటికి చల్లగాలి తగలకూడదు."

"గాలి మోకాళ్ళకి తగులుతోంది," అంది భార్య. "కన్ను పైనుంది."

"కింద రాజుకుంటేనే కదోయ్ పైదాకా వెచ్చగా ఉండేది."

భార్య చీర కొంగుతో నుదురు తుడుచుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ మూతి కాస్త వంకరగా ఉంది. కోపం వచ్చినా, నవ్వు ఆపుకున్నా ఆవిడ మూతి అలాగే ఉంటుంది గనక, సర్వేయరు దాన్ని కోపం కింద జమ చేసుకున్నాడు. ఇంజను వేడి చూపించే ముల్లు మాత్రం మధ్యలో కదలకుండా నిలబడింది. ఆహా, హీటరు పుణ్యం, అనుకున్నాడు చెమటలో తడుస్తూ.

గడియారం స్తంభం వచ్చింది. దానికి ఎదురుగా ఒక చెప్పుల షాపు. షాపు ముందు గుర్తు కోసమని చెక్కతో చేసిన ఎర్ర చెప్పు వేలాడదీశారు. ఒక మనిషి అందులో పడుకుని నిద్రపోవచ్చు.

"అబ్బో, ఎంత చెప్పో!" అంది అత్తగారు. "ఎర్రగా భలే కనిపిస్తోంది. ఆపరేషన్ బాగానే జరిగినట్టుందే అమ్మాయ్!"

సర్వేయరు కుడికి తిరగకుండా ముందుకు పోనిచ్చాడు.

"ఏమండీ, ఆసుపత్రి అటు."

"ఇటు దగ్గర. నీకు తెలీదు."

ఎడమకి తిరిగాడు. మళ్ళీ ఎడమకి తిరిగాడు. మూడో ఎడమ దగ్గర రోడ్డు తవ్వేసి ఉంది. గోతిలోంచి ఒకాయన తల పైకెత్తి "వెనక్కి వెళ్ళండి సార్" అన్నాడు. సందు వచ్చినప్పుడల్లా ఎడమకి తిరుగుతూ పోగా పోగా ఎదురుగా ఏముందయ్యా అంటే, ఎర్ర చెప్పు.

"ఇదేమిటి, మళ్ళీ చెప్పు!" అంది అత్తగారు.

"ఇది వేరే చెప్పు అత్తయ్యగారూ," అన్నాడు సర్వేయరు తడుముకోకుండా. "చెప్పులు ఒకటెందుకు ఉంటాయి? ఇది రెండో కాలిది."

కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులు ఇటు ఒక చూపు చూశాడు. సర్వేయరు ఈసారి ఇంకో వీధి ఎంచుకున్నాడు. అది వన్ వే. అందులోంచి తప్పించుకుని, ఒక కల్యాణమండపం పక్కనుంచి, ఒక బడి వెనకనుంచి, ఎవరిదో ఇంటి ముందు ఆరేసిన దుప్పట్ల కింద నుంచి ఎడమలన్నీ కలుపుకుంటూ వచ్చి చూస్తే మళ్ళీ గడియారం స్తంభం. కానిస్టేబులు ఈసారి సెల్యూట్ కొట్టాడు. ఎవరో పెద్ద ఆఫీసరు ఊరు తనిఖీ చేస్తున్నాడనుకున్నాడు పాపం.

కారులో హీటరు బుసలు కొడుతోంది. సర్వేయరు చొక్కా వీపుకి అంటుకుపోయింది. గడియారం చూస్తే డాక్టరు భోజనానికి లేచే వేళ దగ్గరపడుతోంది. ఆయన లేచాడంటే మళ్ళీ సోమవారమే.

వెనక నుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

"అమ్మా, ఏమైంది?" అని భార్య వెనక్కి తిరిగింది.

అత్తగారు నల్ల కళ్ళద్దాలు తీసేసింది. "నా కన్ను పోయిందే అమ్మాయ్! ఒక్క వస్తువు మూడుసార్లు కనిపిస్తోంది. ఆ చెప్పు... ఆ పోలీసు... ఆ గడియారం... అన్నీ మూడు! ఇంకొకళ్ళ చెయ్యి పట్టుకుని నడవాల్సిందే నేను."

భార్య తల్లి చెయ్యి పట్టుకుంది. నెమ్మదిగా ముఖం తిప్పి భర్త వంక చూసింది.

సర్వేయరు అద్దంలో అత్తగారిని చూశాడు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పందెం తనదే. ఎలాగూ డాక్టరే చెబుతాడు కన్ను బాగుందని. కానీ ఆ ముసలావిడ తన కళ్ళ ముందు తన చెయ్యే పెట్టుకుని, వేళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటోంది. చూపు లేక రెండేళ్ళు గోడలు తడుముకుంటూ తిరిగిన మనిషి. కారు పక్కకి తీసి ఆపాడు.

"అత్తయ్యగారూ, ఏడవకండి. మీ కన్ను బంగారంలా ఉంది. ఆ చెప్పు ఒక్కటే. మనమే దాని చుట్టూ తిరుగుతున్నాం."

"ఎందుకు బాబూ?"

"మహారాణి కుడికి తిరగదండీ. తిరిగితే హారను మోగుతుంది." ఒక్కటి చెప్పాక మిగతావి ఆగలేదు. "ఆ హీటరు మీ కంటికి కాదు, ఇంజను కాగకుండా. వాలులో నిలిపేది పెట్రోలు ఆదాకి కాదు, తాళం తిప్పితే లేవదు గనక. నా పక్క అద్దం దింపితే ఎక్కదు. పెట్రోలు ముల్లు సగం దగ్గర అతుక్కుపోయి ఏడాదైంది, నేను మనసులోనే లెక్క వేసుకుంటాను!"

అన్నీ చెప్పేసి, తేలికపడ్డ మనసుతో, ఆ ఊపులో తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. మరుక్షణం ఆయన ముఖం పాలిపోయింది.

"చచ్చాం! ఇక్కడ వాలు లేదు!"

కిందికి దూకాడు. "ఏమోయ్, నువ్వు ఇటు వచ్చి స్టీరింగు పట్టుకో. నేను వెనక నుంచి తోస్తాను. నేను చెప్పగానే క్లచ్చి వదులు."

ఆయన వెనక్కి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, కాళ్ళు తన్నిపట్టి, పళ్ళు బిగించాడు. "ఊఁ, ఒకటి... రెండు..."

మూడనేలోపే కారు డుర్రుమంది. మెత్తగా, పిల్లి గుర్రుపెట్టినట్టు. ఇంకా తొయ్యకముందే!

సర్వేయరు నోరు తెరిచి కిటికీ దగ్గరికి వచ్చాడు. భార్య తాళం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. పక్క అద్దం జర్రున కిందికి దించి, "ఎక్కండి, ఆలస్యమవుతోంది" అని, మళ్ళీ జర్రున పైకి ఎక్కించేసింది.

ఆయన వెనక సీట్లో అత్తగారి పక్కన కూలబడ్డాడు. భార్య హీటరు ఆపేసింది. గడియారం స్తంభం దగ్గర స్టీరింగు కుడికి తిప్పింది. సర్వేయరు రెండు చెవులూ మూసుకున్నాడు.

ఏ చప్పుడూ లేదు. కానిస్టేబులు మాత్రం వీళ్ళు ఎట్టకేలకు కుడికి తిరగడం చూసి, బరువు దిగినట్టు నిట్టూర్చాడు.

"ఎప్పుడు?" అన్నాడు సర్వేయరు, చెవుల మీంచి చేతులు తీసి.

"మీరు పోయిన వారం జీపులో పొలాలు కొలవడానికి వెళ్ళారే, అప్పుడు. రెండో తాళం మీ మేజోళ్ళ అరలో ఉందిగా. కారుని మెకానిక్కు షెడ్డుకి పట్టుకెళ్ళి, పని అయ్యేదాకా అక్కడే స్టూలు వేసుక్కూర్చున్నాను. స్టార్టరు కొత్తది వేశారు. స్టీరింగు కింద వైరు ఒకటి ఒరుసుకుపోయి ఉంది, దానికి తొడుగు తొడిగారు. ఇంజను ముందు ఫ్యాను అసలు తిరగడమే లేదు. అద్దం లోపల చిన్న బోల్టు ఊడింది. అది నేనే బిగించాను, కుట్టు మిషనుకి బిగించినట్టే."

సర్వేయరుకి ఒకటి అర్థం కాలేదు. "అన్నీ బాగు చేయించి నాతో పందెం ఎందుకు కట్టావు? లోపం లేని కారుతో పందెం కడితే నువ్వే ఓడిపోతావు కదా?"

"ఓడిపోతాననే భయపడ్డాను," అంది భార్య. "మీరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి మామూలుగా తాళం తిప్పి, మామూలుగా కుడికి తిరిగి ఉంటే తాళం మీదే. ఈ జన్మలో నోరెత్తేదాన్ని కాదు. కానీ మీతో పన్నెండేళ్ళు కాపురం చేశానండీ. కారు సంగతి తెలీకపోయినా, మీ సంగతి తెలుసు."

"పెట్రోలు ముల్లు సంగతి మాత్రం నాకు తెలీదు సుమా," అని కూడా అంది. "వారమంతా తిరిగినా సగం దగ్గరే ఉంటే, మీ పెద్ద పెళ్ళాం ఎంత పొదుపరో అని మెచ్చుకున్నాను."

అత్తగారు కళ్ళు తుడుచుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. అల్లుడి చెయ్యి మీద తట్టింది. "పోనీలే బాబూ. నా కన్ను కోసం నిజం చెప్పావు. నువ్వు మంచివాడివి." ఆ తర్వాత, ఆయన వైపు వంగి, గుసగుసగా, "తెలివైనవాడివని మాత్రం అనను" అంది.

డాక్టరు తినడానికి లేవబోతూ వీళ్ళని చూసి మళ్ళీ కూర్చున్నాడు. కన్ను చక్కగా మానిందన్నాడు. ఎదురుగా వేలాడే అక్షరాల అట్టలో కింది వరస దాకా అత్తగారు గడగడా చదివేసింది. అది చదవలేక సర్వేయరు కళ్ళు చికిలించడం చూసి, డాక్టరు ఆయన్ని కూడా ఒకసారి వచ్చి కూర్చోమన్నాడు. ఈ రోజుకి ఇది చాలన్నాడు సర్వేయరు.

తిరిగి వచ్చే దారిలో ఒక లావుపాటాయన, టై భుజం మీదికి వేసుకుని, బానెట్ ఎత్తిన కారు ముందు దిక్కులు చూస్తున్నాడు. భార్య కారు పక్కకి ఆపింది. సర్వేయరుకి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి చోట ఎంతో కొంత తన పరువు నిలబడుతుంది. గబగబా దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, బానెట్ లోపలికి గంభీరంగా తొంగిచూశాడు.

"వాలులో నిలిపి ఉండాల్సిందండీ," అన్నాడు.

టై ఆయన వినలేదు. అప్పటికే భార్య వచ్చి, తన హ్యాండుబ్యాగు భర్త చేతికి అందించి, బ్యాటరీకి వైరు పట్టి ఉంచే బిళ్ళని పట్టుకుని ఊపి చూసింది. అది వదులుగా ఉంది. చుట్టూ తెల్లగా ఉప్పులాంటిది పేరుకుంది. టై ఆయన దగ్గర గుడ్డముక్క, స్పానరు అడిగి తీసుకుని, తుడిచి బిగించింది. "ఇప్పుడు తాళం తిప్పండి" అంది.

మొదటి తిప్పుకే ఇంజను లేచింది. టై ఆయన చెయ్యెత్తి దండం పెట్టినంత పని చేశాడు. తర్వాత సర్వేయరు వైపు తిరిగి, "ఇంట్లోనే మెకానిక్కు! ఎంత అదృష్టవంతులండీ మీరు! మరి ఇంతకీ, మీరేం చేస్తుంటారు?" అని అడిగాడు.

సర్వేయరు భూములు కొలుస్తానని చెప్పబోయాడు. నడిరోడ్డు మీద, నిలువునా ఎండలో, పూసల హ్యాండుబ్యాగుని రెండు చేతులా గుండెలకి హత్తుకుని నిలబడి ఉన్నానని అప్పుడే చూసుకున్నాడు.

"ఇదిగో," అన్నాడు బ్యాగుని కాస్త పైకెత్తి చూపించి, "ప్రస్తుతానికి ఇదేనండీ."