కుప్పయ్య పేరు మీద సూది

సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక ఉదయం కుప్పయ్య అనుకున్న పని చాలా చిన్నది. తమ్ముడు మునిచంద్రను వెంటబెట్టుకుని రేణిగుంట నెట్‌సెంటరులో వాడి టీకా సర్టిఫికెట్ తీయించి, టిఫిను వేళకు ఇల్లు చేరాలి. మునిచంద్ర కువైట్‌లో డ్రైవరు. కరోనాకు విమానాలు ఆగిపోయి రెండేళ్లుగా అన్న ఇంట్లోనే ఉన్నాడు. విమానాలు మళ్లీ తిరుగుతున్నాయి. మే మొదటివారంలోగా రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానని యజమాని కబురు పెట్టాడు.

నెట్‌సెంటరు మోహన ఇంటి ఫోన్ నంబరు కొట్టి, తెరకేసి చూసి పెదవి విరిచాడు.

"దీంట్లో ఉండేది కుప్పయ్య ఒక్కడే. రెండు డోసులూ అయినాయి. నీ పేరే లేదప్పా."

కుప్పయ్య తల దించుకున్నాడు. గోడౌన్‌లో యాభై కిలోల మూటలు అవలీలగా ఎత్తే మనిషి, సూదిని చూస్తే మాత్రం గజగజ వణుకుతాడు. నిరుడు వేసవిలో, టీకా వేయించుకోనివాళ్లను గోడౌన్ గేటు దాటనివ్వబోమన్నప్పుడు, అన్న ఆధార్ కార్డు పట్టుకుపోయి రెండుసార్లూ చెయ్యి చాపింది తమ్ముడే. ఆ కార్డు మీది ఫొటో అన్నదో తమ్ముడిదో కన్నతల్లికైనా తెలియదు.

"పేరు లేకుంటే ఏమన్నా? మందు నా ఒంట్లో ఉండాది గదా!" అన్నాడు మునిచంద్ర.

"ఎయిర్‌పోర్టులో ఒళ్లు సూడరు, కాగితం సూస్తారు," అన్నాడు మోహన.

సంగతి విని కుప్పయ్య భార్య పంకజాక్షి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మళ్లీ రెండు ఏయించుకుంటే వాడి ఒంట్లో నాలుగవుతాయి. నిజం సెప్తే నీ పని పోతుంది. తమ్ముడి నోటికాడి కూడు తీసినావు గదయ్యా!"

ఆ మాట కుప్పయ్యకు ఏ సూదీ గుచ్చుకోనంతగా గుచ్చుకుంది. తెల్లవారగానే తమ్ముడి ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని ఆసుపత్రికి నడిచాడు.

నర్సు కృపారాణి కార్డు చూసి నవ్వింది. "కుప్పయ్య తమ్ముడివా? మీ అన్న రెండుతూర్లు వచ్చినాడు. కన్ను గూడా ఆర్పలేదు. నువ్వేందిట్లా వణుకుతావు? ఆయన్ను సూసి నేర్చుకో!"

తనను చూసి తనే ఎలా నేర్చుకోవాలో కుప్పయ్యకు అర్థం కాలేదు. సూది దిగగానే బెంచీ మీద ఒరిగిపోయాడు. ఎనభై నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి, మళ్లీ అదే బెంచీ మీద ఒరిగాడు. ఈసారి సర్టిఫికెట్ మీద మునిచంద్ర పేరు చక్కగా పడింది. కుప్పయ్య దానికి లామినేషన్ చేయించి, తిరుమల లడ్డూ పక్కన సంచిలో పెట్టాడు.

మే మొదటివారంలో ఇద్దరూ చెన్నై విమానాశ్రయం చేరారు. తమ్ముడు లోపలికి పోయిన గంటకు కుప్పయ్య ఫోను మోగింది.

"అన్నా, దాన్ని అడగనే లేదు! ఆ రూలు మొన్ననే ఎత్తేసినారంట!"

కుప్పయ్య భుజం తడుముకున్నాడు. రెండు పోట్లు వృథా అయ్యాయని ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. అంతలోనే కళ్లు చెమర్చాయి. "పోనీలేరా. నీ పని నిలబడింది గదా," అన్నాడు.

తిరుగు బస్సులో ఉండగా గోడౌన్ సూపర్‌వైజరు నుంచి మెసేజి వచ్చింది. రెండో డోసు వేసుకుని తొమ్మిది నెలలైనవాళ్లకు సోమవారం గోడౌన్‌లోనే మూడో డోసు వేస్తారు, వేసుకోనివాళ్లు పనికి రానక్కర్లేదు. మునిచంద్ర అప్పటికి విమానంలో సముద్రం మీద ఉన్నాడు.

సోమవారం గోడౌన్‌కు సూదులు పట్టుకుని వచ్చింది కృపారాణే. కుప్పయ్య తన సొంత కార్డు చాపాడు. ఆమె ముఖం గంటు పెట్టుకుంది.

"నువ్వు మునిచంద్ర గదా! మీ అన్న కార్డుతో వచ్చినావా?"

"లేదమ్మా, నేనే కుప్పయ్యను."

"నాకు సెప్పద్దు. కుప్పయ్య నీమాదిరి వణకడు!"

వెనక వరుసలో సూపర్‌వైజరు వింటున్నాడు. కుప్పయ్య తమ్ముణ్ణి తలుచుకుని, పళ్లు బిగించి, చెయ్యి చాపి, సూది దిగేదాకా రెప్ప వేయకుండా ఆమెనే చూశాడు. అప్పుడు గాని కృపారాణి నమ్మలేదు.

కుప్పయ్య తన పేరు మీద వేయించుకున్న ఆ మొదటి సూది, కాగితం ప్రకారం మూడోది.