ప్రామాణిక నోరు

ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదిన్నరకు బయల్దేరడం, పదిన్నరకు బడి హాల్లో ముందు వరుసలో కూర్చుని కూతురి ఉపన్యాసం వినడం. ఆ శనివారానికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం అంతే. నెల్లాళ్ళుగా అద్దం ముందు నిలబడి అమ్మాయి ఎంత సాధన చేసిందంటే, గోడ గడియారానికి నోరుంటే అదీ ఆ ఉపన్యాసం అప్పజెప్పేసేది.

తీరా రొట్టె కొరకబోయి అమ్మాయి "అబ్బా!" అంది.

"నిన్న పళ్ళకి క్లిప్పులు బిగించారు కదండీ, ఆ నొప్పే అయ్యుంటుంది," అంది ఇల్లాలు.

"అయ్యుంటుంది అంటే సరిపోతుందా? వేరే పంటి జబ్బయితే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ప్రామాణిక బరువుతో సరిచూడకుండా ఆయన ఏ తూకపు రాయినీ వదిలినవాడు కాడు. మరి పంటి నొప్పికి ప్రామాణికం ఎక్కడుంది? ఇంట్లోనే ఉంది, ఆయన నోరు. యాభై ఏళ్ళలో పంటి డాక్టరు గడప తొక్కని నోరది. తొక్కనిది భయం చేతనని ఇల్లాలి వాదన.

కాగితం మీద రెండు గడులు గీశాడు. ఒకదానికి "అమ్మాయి" అనీ, రెండోదానికి "ప్రామాణిక నోరు" అనీ పేరు పెట్టాడు. ముందు ఫ్రిజ్‌లో నీళ్ళు ఇద్దరూ తాగారు. అమ్మాయి నిక్షేపంగా మింగేసింది. ఆయనకు కుడివైపు కింది పన్నొకటి జివ్వుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకేమీ అనిపించలేదా?"

"లేదు నాన్నా. పళ్ళన్నీ కలిసి కొంచెం సలుపుతున్నాయంతే."

తర్వాత చక్కెర చప్పరించారు. ఆయనకు మళ్ళీ జివ్వుమంది, అమ్మాయికి తియ్యగా ఉంది. చెంచాతో తడితే ఆయనకు నొప్పి చెవిదాకా పాకింది. కాగితం చూసుకునేసరికి ఆయన ముఖం పాలిపోయింది.

"దీని పళ్ళకి స్పర్శ పోయింది! నరాలు చచ్చిపోయాయి!"

"ఇదెక్కడి గోలండీ!" అంటూ ఇల్లాలు తానూ ఆ నీళ్ళు తాగి చూసింది. ఏమీ కాలేదు.

"నీకూ చచ్చిపోయాయి," అన్నాడాయన.

అరుపులు విని వచ్చిన పక్కింటి తాతగారు సీసాలో మిగిలిన నీళ్ళు గటగటా తాగేసి, "నాకూ ఏం తెలీలేదోయ్," అన్నారు. ఆయనవి కట్టుడు పళ్ళని ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు, ఆయనకు కూడా.

"నాన్నా, పదిన్నరకి నేను లేకపోతే నా పేరు కొట్టేస్తారు," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

"పళ్ళుంటేనే కదమ్మా ఉపన్యాసం!" అని ఆయన నలుగురినీ కారులోకి తోశాడు, తనతో కలిపి.

పంటి డాక్టరమ్మ ముగ్గురి నోళ్ళూ చూసింది. తాతగారైతే పళ్ళు తీసి చేతిలోనే పెట్టారు. ఆమె కాగితం కూడా అడిగి తీసుకుని, రెండుసార్లు చదివింది.

"క్లిప్పులు బిగిస్తే పళ్ళన్నీ కలిసి సలుపుతాయి. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది, అందాకా మెత్తనివి తినమ్మా. అలా కాకుండా ఒక్క పన్నే చల్లటిదానికీ తీపికీ జివ్వుమంటే, తడితే పోటు పెడితే, అది పిప్పి పన్ను అయ్యుండొచ్చు. ఇంతకీ ఈ ప్రామాణిక నోరు ఎవరిదండీ?"

మూడు వేళ్ళు ఒక్కసారి లేచాయి. ఇన్‌స్పెక్టరు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

"ముందు వరుసలో కూర్చుంటానని నీకు మాటిచ్చానమ్మా," అన్నాడు దీనంగా. పంటి భయం సగమైతే, ఆ మాట తప్పుతున్నానన్న బాధ నిజంగానే సగం.

"చివరి వంతు ఇమ్మని అడుగుతాలే. పన్ను బాగు చేయించుకునే రా నాన్నా," అని అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది.

సగం ముఖం మొద్దుబారి ఆయన హాల్లోకి వచ్చేసరికి అమ్మాయి వేదిక ఎక్కుతోంది. సలిపే పళ్ళతోనే ఒక్క మాటా తడబడకుండా చెప్పింది. ఆయన గుండె ఉప్పొంగి "శభాష్!" అని అరవబోయాడు. మత్తు సూది మహిమ వల్ల ఏదో పెద్ద శబ్దం వచ్చింది, ముందు వరుసంతా అటు తిరిగింది. అమ్మాయి మాత్రం క్లిప్పులన్నీ కనబడేలా నవ్వింది.

సాయంత్రం ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద కనిపించింది. రెండో గడి కింద అమ్మాయి ఎర్ర సిరాతో, ఆయన ఆఫీసు భాషలోనే రాసింది: "తనిఖీలో నెగ్గలేదు. వాడరాదు."