మెడ కింద ముత్తాత

మనిషి తన ముత్తాత పేరు తెలియకుండా నిక్షేపంగా బతికెయ్యొచ్చు గానీ, ఇంకొకడి ముత్తాతను టీవీలో చూసి తనకేమనిపించిందో మూడు రోజుల్లోగా రాసివ్వకపోతే మాత్రం బతకడం కష్టమని ఇప్పుడు చిన్నా పెద్దా అందరికీ తెలిసిపోయింది.

‘మీ ముత్తాతెవరు’ అనే కార్యక్రమం గురించి చెబుతున్నాను. వారానికొక ప్రముఖుణ్ణి సోఫాలో కూర్చోబెడతారు. ఆయనకే తెలియని ఆయన పూర్వీకుల్ని ఒక చరిత్రకారుడు పెట్టెలోంచి ఒక్కొక్కరినే బయటికి తీస్తాడు. ప్రముఖుడు ఏడుస్తాడు. తర్వాత మనం ఏడవాలి. మొదట్లో ఎవరింట్లో వాళ్ళు తోచినట్టు ఏడ్చేసేవాళ్ళు. దానివల్ల ఎవరు ఎంత కదిలిపోయారో తెలియడం లేదని, మా వీధి చివర మేడ మీద ప్రేక్షక స్పందనల నమోదు కార్యాలయం తెరిచారు.

అక్కడ ఫారం ఇస్తారు. నాలుగే గళ్ళు. ఆనందబాష్పాలు, మామూలు కన్నీళ్ళు, గొంతు పూడుకుపోవడం, ఒళ్ళు గగుర్పొడవడం. (‘ఏమీ అనిపించలేదు’ అని ఐదో గడి కూడా ఉండేదట. దాన్ని నింపినవాళ్ళందరినీ గుండె ఉందో లేదో పరీక్షకు పంపాల్సి రావడంతో, ఆసుపత్రి వాళ్ళు బతిమాలి తీయించేశారు.) క్యూలో నిలబడలేని వాళ్ళకు యాప్ ఉంది. ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకుంటే కళ్ళు ఎంతమేరకు తడిశాయో చూసి చెబుతుంది. మా పక్కింటావిడ ఉల్లిపాయలు తరుగుతూ పొరపాటున యాప్ నొక్కితే, ఆవిడ ఆ నెలకి ఉత్తమ ప్రేక్షకురాలైపోయింది. ఆ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టింది నేనే.

నా పని అదే. ఫోటోలు తీస్తాను, ఫ్రేములు కడతాను. మా నాన్న పెట్టిన స్టూడియో. చదువు నాకు పెద్దగా అంటలేదు గానీ, ఏ తలకి ఏ ఫ్రేము నప్పుతుందో చూడగానే చెప్పేస్తాను.

ఆ వారం సోఫాలోకి వచ్చింది స్లోమోషన్ హీరో. (ఆయన మామూలుగా నడవగా చూసిన ప్రాణి లేదు. ఒకసారి ఆయన ఇంటికి మంటలంటుకుంటే, ఆయన బయటికి వచ్చేలోపు ఇల్లు మళ్ళీ కట్టేశారని చెప్పుకుంటారు.) వాళ్ళ పాతతరం వాళ్ళు మా ఊరివాళ్ళేనట. చరిత్రకారుడు ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. నల్ల కోటు, నగిషీల కుర్చీ, కుర్చీ చేతి మీద ఆనించిన కుడిచెయ్యి, పైన మెలి తిప్పిన మీసాల మొహం.

“వీరు మీ ముత్తాతగారు,” అన్నాడు చరిత్రకారుడు. “ఈ కూర్చున్న తీరు చూడండి. రాజుల ముందు కూర్చున్న నడుమే ఇలా నిటారుగా ఉంటుంది. బొటనవేలి మీద ఈ మచ్చ కత్తిగాయం. జేబులో మెరుస్తున్నది బాకు.”

హీరోగారు బాకును చూసి కంటతడి పెట్టారు. ఆ చుక్క బుగ్గ మీదికి దిగడానికి రెండు ప్రకటనల విరామాలు పట్టింది.

అన్నం తింటున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. అది బాకు కాదు, బాల్‌పెన్ను. మా నాన్నది.

సంగతి చెప్పాలి. మా నాన్న కాలంలో చాలామంది పెద్దవాళ్ళు ఫోటో దిగకుండానే పోయేవాళ్ళు. ఏ గ్రూపు ఫోటోలోనో, వెనక వరసలో, గోరంత మొహం మిగిలేది. నాన్న ఆ మొహాన్ని పెద్దది చేసి, కత్తిరించి, ఒక మంచి మొండేనికి అంటించి, మెడ దగ్గర కుంచెతో సర్ది ఇచ్చేవాడు. తలలు బోలెడు, మొండెం మాత్రం ఒక్కటే. స్టూడియో మెట్ల మీద గొడుగులు బాగుచేసుకునే పాతికేళ్ళ మనిషికి భుజాలు బాగున్నాయని, ఓ రోజు కోటు తొడిగి కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీశాడు. తల అక్కర్లేదు కనక కత్తిరించి అవతల పడేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఊళ్ళో పోయినవాళ్ళంతా ఆ కోటులోనే కూర్చున్నారు. వకీలు కూర్చున్నాడు, వడ్రంగి కూర్చున్నాడు, బతికుండగా ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములు కూడా ఆ ఒక్క కుర్చీలోనే సర్దుకున్నారు.

ఆ గొడుగుల మనిషి ఇప్పటికీ మా మెట్ల మీదే ఉన్నాడు. డెబ్భై ఆరు దాటాయి. అందరూ గొడుగుల తాత అంటారు. ఒక్కతే కూతురు, బస్సు కండక్టరు. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తండ్రిని చెయ్యి పట్టుకుని మా కొట్లోకి తీసుకొచ్చింది.

“అన్నయ్యా, మా నాన్న వరస చూశావా? నిన్న టీవీలో హీరోగారి ముత్తాతను చూపిస్తుంటే ‘అది నేనే’ అంటాడు.”

“నేనే అని ఎక్కడన్నానే,” అన్నాడు తాత. “మెడ కింద నుంచి నేను అన్నాను.”

“విన్నావు గదా. నువ్వు వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటన్నా లేదా నాన్నా అని అడిగిన పాపానికి ఇదీ జవాబు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. డాక్టరు తల బాగానే ఉందని రాసిస్తే సరే, లేదంటే ఈ మెట్ల మీద కూర్చోవడం మానేసి ఇంటిపట్టున ఉండాల్సిందే. నేను బస్సులో ఉండగా ఈయన ఎక్కడికన్నా వెళ్ళి ఇంకెవరి ముత్తాతనో అంటే ఎవరు వెతకాలి?”

“పని మానేస్తే పోతాను,” అన్నాడు తాత తాపీగా. తర్వాత నావైపు తిరిగాడు. “అబ్బాయ్, నువ్వు చెప్పు. మీ నాన్న తీసిందేనా కాదా?”

చెప్పబోయాను. అంతలో కిటికీలోంచి వీధి కనిపించింది. జనం ఇళ్ళల్లోంచి గోడమీది ఫోటోలు దించుకుని, గుండెలకి హత్తుకుని, స్పందనల ఆఫీసు వైపు వెళ్తున్నారు.

టీవీ చూస్తూ చూస్తూ అందరూ తలెత్తి సొంత గోడ చూసుకున్నారన్నమాట. అదే కోటు, అదే కుర్చీ, అదే బాకు. ఇంకెక్కడన్నా అయితే ఫోటో తీసినవాడు మోసం చేశాడని అనుకునేవాళ్ళు. మావాళ్ళు ఎవరి గురించీ తొందరపడి చెడుగా అనుకోరు. హీరోగారికి మనం చుట్టాలం అనుకున్నారు.

“ఆఫీసులోనే తేల్చుకుందాం పదండి,” అన్నాను. (నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం లాంటిది ఏదన్నా మధ్యలో ఉంటే కాస్త ధైర్యంగా ఉంటుంది.)

నూట పద్నాలుగు కుటుంబాలు క్యూలో ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఒకే మనిషి నూట పద్నాలుగు సార్లు తల మార్చుకుని లోపలికి వెళ్ళడానికి నిలబడ్డట్టుంది. అప్పటికే వరసలు కలిపేసుకున్నారు. పదకొండేళ్ళుగా ప్రహరీగోడ గొడవలో ఉన్న ఇస్త్రీ ఆయన, టైర్ల కొట్టాయన ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటున్నారు.

“ముందు మీరు నిలబడండి బావగారూ.”

“ఛ, మీరుండగానా. మీ ఫోటో పెద్దది, మీదే పెద్ద శాఖ.”

“శాఖ మాట ఎందుకులెండి. గోడ మాత్రం మా స్థలంలోనే ఉంది.”

“ముత్తాత చూస్తున్నాడు, అబద్ధాలాడకు.”

ఈలోగా మా వంతు వచ్చింది. ముందు పనైపోయినవాళ్ళు కూడా ఇంటికెళ్ళకుండా మా వెనకే నిలబడ్డారు. బల్ల వెనక ద్వితీయశ్రేణి స్పందనాధికారి కూర్చుని ఉన్నాడు. (ప్రథమశ్రేణి ఆయన ఆనందబాష్పాలు తప్ప వేరేవి చూడడు.)

“ఏ గడి?” అన్నాడు తలెత్తకుండా.

“గడి కాదు సార్. ఆ ఫోటోలో ఒళ్ళు నాది,” అన్నాడు తాత.

“ఒళ్ళుకి సంబంధించింది నాలుగో గడి,” అని రాసుకున్నాడు అధికారి. తర్వాత కలం ఆపాడు. “మీదంటే?”

“యాభై ఏళ్ళ కిందట నేను కూర్చుంటే తీశారు. తల కోసేసి మిగతాది అందరికీ ఇచ్చారు.”

“సాక్షి?”

తాత నన్ను చూపించాడు. అధికారి నన్ను చూశాడు. నా వెనక నూట పద్నాలుగు ఫ్రేములూ నన్ను చూశాయి. నిజం చెప్పడానికి నాకు భయమేం లేదు. కాకపోతే అవన్నీ టేకు ఫ్రేములు, మూలలు పదునుగా ఉంటాయి. కట్టినవాణ్ణి, నాకు తెలీదా.

“నాన్న చేసిన పనులు నాకంతగా గుర్తులేవండి,” అన్నాను.

కూతురు తాత మోచెయ్యి పట్టుకుంది.

“పద నాన్నా. ఇంటికెళ్దాం.”

తాత కదల్లేదు. కుడిచేతి బొటనవేలు చాపి బల్ల మీద పెట్టాడు. “గొడుగు ఊచ దిగింది సార్. పని నేర్చుకున్న మొదటి వానాకాలం. మీ దగ్గరున్న ఫోటోతో పోల్చి చూడండి.”

అధికారి భూతద్దం తెప్పించాడు. వేలు చూశాడు, ఫోటో చూశాడు, మళ్ళీ వేలు చూశాడు. లేచి లోపలికెళ్ళి చరిత్రకారుడికి ఫోన్ చేశాడు. చరిత్రకారుడు “ఆయన వంశంలో ఎవరైనా యుద్ధాలు చేశారేమో కనుక్కోండి,” అన్నాడట. కనుక్కున్నారు.

“గొడుగులు పట్టుకెళ్ళడానికి వచ్చినవాళ్ళతో రోజూ చేస్తూనే ఉన్నాం సార్,” అన్నాడు తాత. “సాయంత్రానికి కావాలంటారు, ఆర్నెల్లకి వస్తారు.”

శనివారం సాయంత్రం మెట్ల మీదికే ఉత్తర్వు వచ్చింది. కూతురు స్టాపుల పేర్లు పిలిచే గొంతుతో చదివింది.

“అర్జీదారుని బొటనవేలు, భుజములు, కూర్చున్న తీరు సదరు ఫోటోతో సరిపోలినవి. అయితే ఆ శరీరము హీరోగారి ముత్తాతదేనని రెండు కోట్ల మంది ప్రేక్షకులు కన్నీటితో ధ్రువీకరించియున్నారు. నమోదైన కన్నీటిని వెనక్కి తీసుకొను నిబంధన లేదు. కావున అర్జీదారుడు మెడ దిగువ నుండి తొంభై సంవత్సరముల క్రితమే మరణించినట్లు పరిగణించడమైనది. తల అర్జీదారునిదే. తల ఆరోగ్యముగా ఉన్నది, జ్ఞాపకశక్తి సరిగా ఉన్నది. చేతులు వారసత్వ సంపద అయినందున వాటిని గొడుగుల మరమ్మతుకు వాడరాదు. మిగిలిన నూట పద్నాలుగు కుటుంబములను మెడ దిగువ బంధువులుగా గుర్తించడమైనది.”

చదవడం అయ్యాక ఆ పిల్ల కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది.

“తలకి ఏం కాలేదంట నాన్నా. నేనే పొరపాటు పడ్డాను. సోమవారం డాక్టరు అక్కర్లేదు.”

“మరి చేతులు?”

“చేతులు నీవి కావంట.”

తాత ఒళ్ళో ఒక గొడుగు సగం విప్పి ఉంది. “దీన్ని రేపు ఇస్తానని మాటిచ్చాను,” అన్నాడు. “మాటిచ్చింది తలే గదా. ఇప్పుడెలా?”

ఆయన ఊచలన్నీ ఏరి పెట్టెలో పెట్టాడు. పట్టకారు పెట్టాడు. దారం ఉండ పెట్టాడు. పెట్టేటప్పుడు మాత్రం చేతులు ఆయనవే అన్నట్టున్నాయి.

“ఫోటో అన్నయ్యా,” అంది కూతురు నావైపు చూడకుండా. “ఇప్పుడేమైనా గుర్తొచ్చిందా?”

“కొద్దికొద్దిగా వస్తోందమ్మా.”

“తొందరేం లేదులే. ఇంక ఆ మెట్లు ఖాళీయే.”

ఏదో ఒకటి చెయ్యకపోతే బాగోదని తాతతో అన్నాను. “రా తాతా, నీకో ఫోటో తీస్తాను. డబ్బులొద్దు. ఆ కోటు ఇంకా ఉంది, కుర్చీ కూడా ఉంది.”

“కోటొద్దురా అబ్బాయ్. అది వేసుకుంటే మళ్ళీ ఎవరికో ముత్తాతనవుతాను. తల మట్టుకు తియ్యి. దానికే కాగితం ఉంది.”

నియమాల ప్రకారం మెడ దాకా తీశాను. మంచి ఫోటో వచ్చింది. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న ఖాళీ ఉంది, నవ్వితే చెవులు కాస్త వెనక్కి పోతాయి, చుబుకం మీద సొట్ట. అరవై ఏళ్ళ నా జీవితంలో ఆయన్ని చూడని రోజు లేదు, సొట్ట చూడ్డం మాత్రం అదే మొదటిసారి. కూతురికి ఒక కాపీ ఇచ్చాను. రెండోదానికి నా దగ్గరున్న అన్నిటికంటే మంచి ఫ్రేము కట్టి, కొట్టు కిటికీలో నడుమన పెట్టాను.

దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మొన్న పక్కింటావిడ, అదే ఉత్తమ ప్రేక్షకురాలు, చాలాసేపు నిలబడింది. నలభై ఏళ్ళుగా వాళ్ళింటి గొడుగులన్నీ తాతే బాగుచేశాడు.

“ఎవరండీ ఈయన? ఎక్కడా చూసినట్టు లేదే.”

“మన గొడుగుల తాత.”

ఆవిడ అద్దానికి మొహం ఆనించి ఇంకోసారి చూసింది.

“ఏమో బాబూ,” అంది. “కింద ఒళ్ళు కూడా ఉండుంటే పోల్చుకునేదాన్ని.”