ఈ పురుగు ఎవరి తాలూకు?

కందిపూత తినే పురుగును తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ముద్దనూరు పక్కనున్న మా ఊరికి ఈ ఏడాది జరిగిన ఒకే ఒక్క మేలు ఆ పురుగు!

మా నాగేంద్రమ్మక్క కందిచేను పచ్చగా పూతకొచ్చిన వారంలోనే అది దిగింది. నల్లటి ఒళ్లు, వీపు మీద నారింజరంగు పట్టీలు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో కూడా అంత నాజూకు పని కనపడదు.

"తమ్ముడా, ఇదేం పురుగో కనుక్కోప్పా. ఈ పూత పోతే ఈ తూరి మాకు పంటే ల్యాదు" అంది అక్క.

కనుక్కోవడమంటే ఏమిటి? మా వైపు మనిషైనా పురుగైనా ముందు అడగాల్సింది ఒక్కటే. ఏ ఊరు, ఎవరి తాలూకు? అది తెలియకుండా చంపేస్తే, రేపు వాళ్లింట్లో పెళ్లికి ఏ ముఖం పెట్టుకుని పోతాం?

అందుకే పంచాయతీ పెట్టాం. ఏళ్ల తరబడి మాటల్లేని రెండు వర్గాలు ఒకే చాప మీద కూర్చున్నాయి. ఏ పెద్దమనిషి వల్ల అయిందండీ ఈ పని?

అనుమానం గట్టు అవతలి రైతు ఆదినారాయణ మామ మీద. ఆయన పురుగును వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాడు. "మా చేన్లో తిరుగుతాంటాది గానీ మా మనిషి కాదప్పా" అని చేతులు దులుపుకున్నాడు.

టీచరు జోసఫ్ సారు ఫోన్‌లో ఫొటో తీస్తే పేరొచ్చింది. మైలాబ్రిస్ పస్టులేటా! ఇంటిపేరు ముందే ఉంది కాబట్టి మర్యాదస్తుల కుటుంబమే. కానీ జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా వియ్యంకులందరికీ ఫోన్లు చేసినా మైలాబ్రిస్ వాళ్లు ఒక్కరూ తగల్లేదు. రైల్లో వచ్చి ముద్దనూరులో దిగిందని కొందరు, కలమల్ల కరెంటు ప్లాంటు లైట్లు చూసి వచ్చిందని కొందరు.

"కింద ఇంగా ఏందో రాసినారు, సదవమంటారా?" అన్నాడు సారు. గోత్రం ఉంటే చదవమన్నాం. లేదన్నాడు. వదిలేయమన్నాం.

విచారణలో పురుగు చేతులు మారుతూనే ఉంది. మర్నాటికి రెండు వర్గాల వేళ్ల మీదా ఒకే రకం బొబ్బలు! సమైక్యతకు ఇంతకన్నా గుర్తింపు కార్డు కావాలా?

వారం వాదించుకుని, అది బయటి ఊరిదేనని ఏకగ్రీవంగా తీర్మానించి చేనికి వెళ్లాం. పురుగులు లేవు. పూలూ లేవు. మా తీర్మానానికి భయపడి పారిపోయాయని నేనే ముందుగా ప్రకటించాను.

అక్క ఉత్త కొమ్మల వైపు చూస్తూ, "దాని ఊరడిగినారు, ఇంటిపేరడిగినారు. అది ఏం తింటాదని ఒగరన్నా అడిగినారా తమ్ముడా?" అంది. నాకు తల కొట్టేసినంత పనైంది.

అప్పుడు చదివించాను, ఫోన్‌లో కింద రాసింది. కందిపూత తింటుంది. ఒట్టి చేత్తో తాకితే బొబ్బలొస్తాయి. గ్లౌజులు తొడుక్కుని ఏరి సబ్బునీళ్లలో వేయాలి.

అందరూ ఎవరి వేళ్ల బొబ్బలు వాళ్లు చూసుకున్నారు. చివరికి ఆదినారాయణ మామే గొంతు సవరించుకున్నాడు.

"అదంతా సరేప్పా. ఇది రాసినోడు ఏ ఊరోడు?"